‘సార్, పేషెంట్ బాలేదు’ తర్వాత ఏం చెప్పాలి: శ్రీకాకుళంలో క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ చదువు

ఐసీయూలో నాలుగైదేళ్లు చేసిన స్టాఫ్ నర్సుకి అలారాలూ, సక్షనూ, సిరంజి పంపులూ కొట్టిన పిండే. కానీ అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేస్తే నోట వచ్చేది ఒకే మాట: "సార్, పేషెంట్ బాలేదు." ప్రాక్టీషనర్ చదువు ఆ మాట దగ్గరే మొదలవుతుంది. ఏం బాలేదు? ఎంత బాలేదు? గంట కిందట ఎలా ఉంది? ఇప్పటిదాకా నువ్వేం చేశావు, ఇంకా ఏం కావాలి? రెండేళ్లలో నేర్పేది చాలామటుకు ఇదే. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి గొట్టం) వెయ్యడం, గొంతులోకి ఊపిరి ట్యూబ్ వెయ్యడం చూడ్డానికి గొప్పగా ఉంటాయి కానీ చేతికి త్వరగానే పట్టుబడతాయి.

ముందు చదువు సంగతి. మన దేశంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన కోర్సు పేరు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్. ఇది రెండేళ్ల పీజీ. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక కనీసం ఏడాది వార్డు అనుభవం ఉండాలి, అది ఐసీయూలో అయితే మరీ మంచిది. రెసిడెన్సీ పద్ధతి కాబట్టి క్లాసు రూము తక్కువ, బెడ్డు పక్క ఎక్కువ. మొదటి ఏడాది పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, శరీర పరీక్ష లోతుగా నడుస్తాయి. రెండో ఏడాది అసలు క్రిటికల్ కేర్. బ్రిటన్‌లో ఇలాంటి పనికే అడ్వాన్స్‌డ్ క్రిటికల్ కేర్ ప్రాక్టీషనర్ అని పేరు. అక్కడ నర్సులతో పాటు ఫిజియోథెరపిస్టులు, పారామెడిక్కులు కూడా వస్తారు. ఫ్యాకల్టీ ఆఫ్ ఇంటెన్సివ్ కేర్ మెడిసిన్ వాళ్ల సిలబస్ 2015 నుంచి ఉంది. మందులు రాసే అర్హతకి విడిగా చదువుంది. ఇక్కడ ఆ పద్ధతి లేదు. డాక్టరు సంతకం చేసిన స్టాండింగ్ ఆర్డర్లు, యూనిట్ ప్రోటోకాల్ దాటి వెళ్లకూడదు. విదేశీ వీడియోలు చూసి తయారయ్యేవాళ్లు ఈ తేడాని మొదటి రోజే గుర్తు పెట్టుకోవాలి.

ఇక మన జిల్లాకి వద్దాం. పాఠ్యపుస్తకంలో మొదటి అధ్యాయాలు గుండెపోటు, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీయడం). శ్రీకాకుళం చుట్టుపక్కల బెడ్ల మీద వాటితో సమానంగా కనిపించేవి పురుగుమందు, పాముకాటు, ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు. వీటిని బాగా నేర్చుకున్నవాళ్లకి మిగతావి కష్టం కాదు. ఊపిరి, రక్తప్రసరణ, నరాలు, లవణాలు అన్నీ ఈ మూడింట్లోనే ఉన్నాయి.

పురుగుమందు కేసు ఆటోలోనో 108లోనో దిగగానే వెంట వచ్చినవాళ్లని అడగాల్సింది "ఏటి తాగినాడు?" ఒక్కటే కాదు, "డబ్బా తెచ్చినారా?" అని కూడా. లేబుల్ మీద రంగు గుర్తుంటుంది. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. రంగు కంటే మందు పేరు ముఖ్యం. "పురుగుమందే" అని ఇంటివాళ్లు చెప్పినది గడ్డిమందు కావచ్చు. పారాక్వాట్ అయితే అలవాటు కొద్దీ ఆక్సిజన్ ఎక్కువ పెట్టడం ఊపిరితిత్తులకి చేటు. అది వేరే దారి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే కంటిపాపలు సూదిమొనలా ఉంటాయి, నోట్లోంచి సొంగ, ఒళ్లంతా చెమట, ఛాతీలో గురగుర, కండరాలు పురుగులు పాకినట్టు అదురుతుంటాయి.

బట్టలు తీసేసి సబ్బు నీళ్లతో ఒళ్లు, జుట్టు, గోళ్ల సందులు కడగాలి. తోలు చెప్పులు, బెల్టు పారెయ్యడమే. వేసుకునే గ్లోవ్స్ నైట్రైల్‌వి అయితే మేలు. కానీ కడగడం కోసం విరుగుడు మందు అట్రోపిన్ ఆపకూడదు. "ముందు ఆక్సిజన్, తర్వాతే అట్రోపిన్" అని పాత నోట్సుల్లో ఉంటుంది. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు, రెండూ ఒకేసారి నడవాలి.

అట్రోపిన్ లెక్క ఇది. ఆంపూల్‌లో 0.6 మి.గ్రా. ఉంటుంది (లేబుల్ చూడకుండా ఎప్పుడూ లాగొద్దు, వేరే బలాల వయల్స్ కూడా వస్తాయి). మొదటి డోసు 3 ఆంపూల్స్, అంటే 1.8 మి.గ్రా. అయిదు నిమిషాలకి చూడాలి. సరిపోకపోతే రెట్టింపు: 6 ఆంపూల్స్. మళ్లీ అయిదు నిమిషాలకి 12, ఆ తర్వాత 24. నాలుగు డోసులు పడేసరికి 45 ఆంపూల్స్, 27 మి.గ్రా., అదీ పావుగంటలో. ఒక్క మనిషి విరిచి లాగితే అందదు. ఒకరు విరుస్తుంటే ఒకరు ఎక్కించాలి, మూడో మనిషి టైము రాయాలి. రాత్రి ట్రాలీలో పది ఆంపూల్స్ పెట్టుకుని డ్యూటీలోకి దిగితే ఇక్కడే దెబ్బ తింటాం.

ఎక్కడ ఆపాలి? ఛాతీ రెండు వైపులా శుభ్రంగా వినపడాలి, గుండె వేగం 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు పొడిగా ఉండాలి, పాపలు సూదిమొనగా ఉండకూడదు. అన్నిట్లోకీ ఛాతీయే పెద్ద గుర్తు. కొత్తవాళ్లు మూడు చోట్ల పొరబడతారు. గుండె అప్పటికే 120 కొడుతోందని అట్రోపిన్ ఇవ్వడానికి భయపడతారు. ఆక్సిజన్ అందకపోయినా గుండె అలాగే పరిగెడుతుంది, ఛాతీ గురగురలాడుతుంటే ఇవ్వాల్సిందే. రెండోది, కుడి కింద మాత్రమే చప్పుడు ఉంటే అది వాంతి ఊపిరితిత్తిలోకి పోయినది కావచ్చు. దానికి అట్రోపిన్ పెంచుకుంటూ పోతే లాభం లేదు. మూడోది కంటిపాప: అది అన్నిటికంటే ఆలస్యంగా మారుతుంది. మందు కంట్లో చిందితే ఇంకా ఆలస్యం.

లక్ష్యం అందాక, అప్పటిదాకా ఇచ్చిన మొత్తంలో గంటకి 10 నుంచి 20 శాతం ఇన్‌ఫ్యూజన్‌గా పెట్టాలి. 27 మి.గ్రా. పట్టినవాళ్లకి గంటకి సుమారు 2.7 నుంచి 5.4. తర్వాత ఎక్కువైతే పేషెంటే చెబుతాడు: గాలిలో ఏదో పట్టుకుంటాడు, ఒళ్లు కాలుతుంది, పేగుల చప్పుడు ఉండదు, మూత్రం బిగిస్తుంది. అప్పుడు కాసేపు ఆపి, సర్దుకున్నాక డోసు తగ్గించి మొదలుపెట్టాలి. ఆ అలజడికి చేతులు కట్టేసి డయాజిపామ్ గుప్పించి ఊరుకోవడం చాలాచోట్ల కనిపించే తప్పు. ఇంకో విరుగుడు ప్రాలిడాక్సిమ్ సంగతి కూడా తెలిసి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన డోసు కిలోకి 30 మి.గ్రా., తర్వాత గంటకి కిలోకి 8. ట్రయల్స్‌లో లాభం నిక్కచ్చిగా తేలలేదు. ఇచ్చేట్టయితే అరగంట తీసుకుని ఇవ్వాలి, గబగబా తోస్తే గుండె ఆగే ప్రమాదం ఉంది.

అసలు పరీక్ష రెండోరోజు. సొంగ ఆగింది, మాట్లాడుతున్నాడు, "రేపు వార్డుకి పంపుదాం" అనుకుంటున్నారు. విషం తాగిన 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు సత్తువ కోల్పోయే దశ ఒకటుంది. దీన్ని పట్టుకోవడానికి ఏ మెషీనూ అక్కర్లేదు. "దిండు మీంచి తల లేపు బాబూ" అనాలి. తల లేవకపోతే వార్డుకి పంపొద్దు. ఒక్క ఊపిరితో ఒకటి, రెండు, మూడు అని గట్టిగా లెక్కపెట్టించాలి. పొద్దున 25 దాకా పోయినవాడు మధ్యాహ్నం 12 దగ్గర ఆగాడంటే, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 98 ఉన్నా సరే, డాక్టరుకి ఫోన్ వెళ్లాలి. శాచురేషన్ పడేదాకా ఆగితే ట్యూబ్ హడావుడిగా వెయ్యాల్సి వస్తుంది. ఈ రెండూ ప్రతి షిఫ్టూ చార్టులో ఉండాలి.

ఇదే లెక్క కట్లపాముకీ పనికొస్తుంది. వానాకాలంలో కింద పడుకున్నవాళ్లని రాత్రిపూట కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, గొంతు పట్టేసినట్టుండటం, రెప్పలు వాలిపోవడం. "ఏటీ కరవనేదమ్మా" అంటారు ఇంటివాళ్లు, అబద్ధం కాదు, వాళ్లకి తెలియదు. గ్యాస్ అనుకుని పాంటాప్ ఎక్కించి కూర్చుంటే ఊపిరి ఆగుతుంది. నేల మీద పడుకున్నాడా అని అడగాలి, పైకి చూడమని రెప్పలు గమనించాలి.

రక్తపింజర కాటు ఉందేమో తేల్చడానికి ఇరవై నిమిషాల రక్తం గడ్డ పరీక్ష చేస్తాం. రెండు మి.లీ. తాజా రక్తం, శుభ్రమైన పొడి గాజు ట్యూబ్, ఇరవై నిమిషాలు కదపకుండా. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. ప్లాస్టిక్ ట్యూబ్‌లో వేసినా, సబ్బు పొడితో కడిగిన గాజు ట్యూబ్‌లో వేసినా రక్తం గడ్డకట్టక తప్పుడు జవాబు వస్తుంది. మధ్యలో ఎవరో ఒకరు వంచి చూస్తారు, అదీ తప్పే. యాంటీ వెనమ్ మొదటి విడత సాధారణంగా 10 వయల్స్, గంటలో. పిల్లలకీ అంతే, ఎందుకంటే పాము వదిలిన విషం పిల్లవాడి బరువు చూసి తగ్గదు. పక్కన అడ్రినలిన్ లాగి ఉంచుకోవాలి: రియాక్షన్ వస్తే పెద్దవాళ్లకి 0.5 మి.గ్రా. తొడ కండరానికి. కాలికి బిగించి కట్టిన గుడ్డ ఉంటే వచ్చీరాగానే కోసెయ్యొద్దు. లైను పెట్టి, యాంటీ వెనమ్ మొదలయ్యాక మెల్లగా వదులు చెయ్యాలి.

కట్లపాము విషం నరాల చివర్లనే దెబ్బతీస్తుంది కాబట్టి పక్షవాతం వచ్చేశాక యాంటీ వెనమ్ దాన్ని వెంటనే వెనక్కి తిప్పలేదు. రోజుల తరబడి వెంటిలేటరే మందు. అప్పుడు పేషెంటుకి పాపలు పెద్దవై లైటు వేసినా కదలవు, వేలు కూడా కదలదు. చూసినవాళ్లు బ్రెయిన్ డెడ్ అనుకుంటారు. కానీ మెలకువగా ఉండి, అన్నీ వింటూ ఉండొచ్చు. బెడ్డు పక్కన "ఇక లాభం లేదు" అనే మాట అనకూడదు. చేసే ప్రతి పనీ ముందు చెవి దగ్గర చెప్పాలి, తగినంత సెడేషన్ ఉందో లేదో చూసుకోవాలి, కళ్లు ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ వేసి రెప్పలు మూయాలి.

మూడోది కిడ్నీ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవాళ్లలో ఈ జబ్బు ఎంతుందో చెప్పక్కర్లేదు. కారణం మీద ఇంకా పరిశోధన నడుస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. మనకి వచ్చేసరికి పేషెంటు డయాలసిస్ ఒకటి రెండు తప్పి, ఆయాసంతో, రక్తంలో పొటాషియం పెరిగి ఈసీజీలో టీ అలలు గుడారాల్లా లేచి ఉంటాడు. పొటాషియం 7 అని రిపోర్టు వస్తే మొదట అడగాల్సింది శాంపిల్ ఎలా తీశారని. చెయ్యి బిగించి పిండి తీస్తే, కణాలు పగిలితే, అంకె ఉత్తుత్తిగా పెరుగుతుంది. కానీ ఈసీజీ మారి ఉంటే మళ్లీ శాంపిల్ కోసం ఆగొద్దు.

10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. అయిదు నుంచి పది నిమిషాల్లో. ఇది పొటాషియాన్ని తగ్గించదు, గుండెని కాపాడుతుందంతే. ఈసీజీ మళ్లీ తీసి, మారకపోతే మళ్లీ ఇవ్వాలి. దాని పని అరగంట, గంట. బైకార్బొనేట్ నడుస్తున్న లైనులోనే ఇస్తే సుద్దలా గడ్డకడుతుంది. తర్వాత 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్, 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. ఇక్కడ మన దేశంలో ఎదురయ్యే ఉచ్చు ఒకటుంది. వయల్ మి.లీ.కి 40 యూనిట్లదా, 100 యూనిట్లదా? 40ది అయితే 10 యూనిట్లు పావు మి.లీ. అదే పావు మి.లీ. 100 వయల్‌లోంచి లాగితే 25 యూనిట్లు. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూత 100కి. కిడ్నీ పనిచెయ్యనివాళ్లలో ఇన్సులిన్ ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఆరు గంటల దాకా, గంటకోసారి షుగర్ చూడాలి. పొటాషియం తగ్గిందని సంబరపడి మూడో గంటలో షుగర్ 38కి పడిపోయిన పేషెంటుని పట్టుకోవడం ఈ చదువులో భాగం. సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ తోడు. ఇవన్నీ డయాలసిస్ మెషీను సిద్ధమయ్యేదాకా టైము కొనడానికే. ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనీ కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ కఫ్, సూది రెండూ వద్దని బెడ్డు తల దగ్గర పెద్దక్షరాలతో రాయాలి. సెంట్రల్ లైన్ అవసరమైతే కాలర్ ఎముక కింద వద్దు. ఆ సిర తర్వాత ఇరుకైతే ఆ వైపు ఫిస్టులా పాడవుతుంది.

వెంటిలేటర్ గురించి విడిగా పుస్తకమే రాయొచ్చు. ఒక్క అలవాటు మాత్రం చెబుతా: కొలత టేపు జేబులో ఉండాలి. టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి పంపే గాలి) పేషెంటు బరువుని బట్టి కాదు, పొడవుని బట్టి. మగవాళ్లకి 50 + 0.91 × (పొడవు సెం.మీ. − 152.4). ఆడవాళ్లకి 50 బదులు 45.5. 150 సెం.మీ. ఉన్న అమ్మకి లెక్కలో వచ్చే బరువు 43 కిలోలు. కిలోకి 6 మి.లీ. చొప్పున 260. అందరికీ పెట్టినట్టు 450 పెడితే కిలోకి పది దాటిపోయింది. 2000లో వచ్చిన అమెరికా ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినే స్థితి) ట్రయల్‌లో 12 మి.లీ. పెట్టినవాళ్లలో 39.8 శాతం, 6 పెట్టినవాళ్లలో 31 శాతం చనిపోయారు. మన పల్లెల్లో పొట్టిగా ఉండే ఆడవాళ్లకే ఈ తప్పు ఎక్కువ తగులుతుంది.

ప్రెజర్ అలారం కొట్టిందా, పేషెంటు నీలంగా మారుతున్నాడా, ముందు సర్క్యూట్ తీసి పూర్తి ఆక్సిజన్‌తో ఆంబు బ్యాగ్ (చేత్తో ఊపిరి కొట్టే సంచి) కొట్టాలి. సులువుగా పోతే తప్పు మెషీనుదో పైపులదో. గట్టిగా ఉంటే ట్యూబ్ జారిందా, మూసుకుందా, ఛాతీలో గాలి చేరిందా చూడాలి. ప్రాణం కాస్త నిలదొక్కుకున్నాక ఇన్‌స్పిరేటరీ హోల్డ్ పట్టి (ఊపిరి లోపలికి వెళ్లాక క్షణం ఆపి) ప్లాటో, అంటే గాలి ఆగినప్పటి ప్రెజర్ చూడండి. పీక్ (గాలి పోతున్నప్పటి అత్యధిక ప్రెజర్) పెరిగి ప్లాటో మామూలుగా ఉంటే దారిలో అడ్డు: కొరకడం, మడత, కఫం, పిల్లికూతలు. రెండూ పెరిగితే ఊపిరితిత్తిలో గొడవ. "ప్రెజర్ ఎక్కువుంది సార్" అనే ఫోన్‌కీ, "పీక్ 42, ప్లాటో 22, సక్షన్ కాథెటర్ పోవట్లేదు సార్" అనే ఫోన్‌కీ తేడా ఇదే. రెండో ఫోన్‌కి డాక్టరు ట్యూబ్ మార్చే సామాను సిద్ధం చెయ్యమని ఫోన్‌లోనే చెబుతాడు.

బీపీ నిలబెట్టే నార్ అడ్రినలిన్‌లో లెక్క తప్పేది లేబుల్ దగ్గర. బైటార్ట్రేట్ 2 మి.గ్రా. అంటే అసలు మందు 1 మి.గ్రా. మీ యూనిట్ ఏది లెక్కపెడుతుందో ముందే తెలుసుకోవాలి. 50 మి.లీ.లో అసలు మందు 4 మి.గ్రా. కలిపితే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి నిమిషానికి కిలోకి 0.1 మైక్రోగ్రాము కావాలంటే గంటకి 4.5 మి.లీ. ఆ లైనులోంచి వేరే ఇంజెక్షన్ తొయ్యొద్దు. సిరంజి అయిపోయేదాకా ఆగకుండా రెండో పంపు ముందే నడిపించి మార్చాలి.

చివరిగా, విశాఖకి పంపడం. శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్ల పైచిలుకు. రెండు గంటలు అనుకుంటే రెండున్నర పడుతుంది. బి టైపు ఆక్సిజన్ సిలిండర్ నీటి కొలత 10 లీటర్లు, నిండుగా ఉంటే గేజ్ 150 దగ్గర ఉంటుంది. రెండూ గుణిస్తే 1500 లీటర్లు. వెంటిలేటర్ నిమిషానికి 10 లీటర్లు తాగితే 150 నిమిషాలు, అంటే సరిగ్గా దారి ఖర్చు, దమ్మిడీ మిగలదు. గేజ్ 100 చూపిస్తే వెయ్యి లీటర్లే, గంటా నలభై నిమిషాలు. అవసరానికి రెట్టింపు లేకుండా గేటు దాటొద్దు. కొన్ని ట్రాన్స్‌పోర్ట్ వెంటిలేటర్లు నడవడానికే అదనంగా గ్యాస్ తాగుతాయి, వాటి పుస్తకంలో ఆ అంకె ఉంటుంది, ముందే చూసి సిలిండర్ మీద మార్కర్‌తో రాసి పెట్టండి. ఆంబు బ్యాగ్ పేషెంటు తల పక్కన ఉండాలి, బ్యాగు అడుగున కాదు. పంపుల బ్యాటరీ, మందుల రెండో సిరంజి, ట్యూబ్ పెదవి దగ్గర ఎన్ని సెం.మీ. ఉందో రాసిన ప్లాస్టర్. నాతవలస టోల్ గేటు దగ్గర బండి ఎలాగూ నెమ్మదిస్తుంది, అప్పుడు గేజ్, ట్యూబ్ మార్కు, పాపలు మళ్లీ చూసి టైము వేసి రాయండి.